ఐదో అంకె

అచ్చంపేట హైస్కూలు, ఎనిమిదో తరగతి బీ సెక్షన్.
అన్నం తిన్నంక వచ్చే పీరియడ్ నాది.
ఆ దినం గుడ్డు పెట్టిన్రు,
చేతులింకా కూర వాసనే.
మార్కెట్ యార్డు దిక్కు పల్లి బస్తాల ట్రాక్టర్లు పోతుంటే
లక్క ఇల్లు కథ చెప్పిన:
రాత్రి. నిప్పు. సొరంగం.
తల్లిని ఎత్తుకొని అడవిలకు నడిచిన కొడుకులు.
పొద్దున బూడిదల ఆరుగురు దొరికిన్రని
ఊరు నమ్మిందని, పగోళ్లు నవ్విన్రని.

ప్రశ్నలు రాయమంటే గైడు తీస్తరు.
అందుకే ప్రశ్నలు లేవన్న.
"కథల పేరు లేనోళ్లను ఒకర్ని పట్టుకోండ్రి,
వాళ్ల నోటితోని ఒక పేజీ మాట్లాడుండ్రి."
"మార్కులున్నయా సార్?"
లేవు.
"మరెందుకు?"
పందొమ్మిదేండ్ల సర్వీసు, జవాబు దొరకలే.

షాహీన్ లేచింది. వాళ్ల ఖాలాది గాజుల దుకాణం.
"లక్క మాట్లాడొచ్చా సార్?"
మాట్లాడనీ అన్న.
"పురుగులు నన్ను కొమ్మ మీద కట్టినయి.
గాజునయితనేమో, ఏ పెండ్లిపిల్ల చేతికెక్కుతనేమో అనుకున్న.
గోడను చేసిన్రు.
కాలేటప్పుడు నేను మంచి వాసనొస్త, అదే నా తప్పు."

పల్లపు అంజికి సొరంగం పొడుగు కావాలె.
పుస్తకంల లేదన్న.
"గజానికెంత ఇచ్చిన్రు?"
అదీ లేదు.
వాళ్ల తాత బాయిలు తవ్వెటోడు,
మెత్తటి నేలల దినానికి మూడు గజాలు,
రాయి తగిల్తే మూరెడు.
లెక్క కట్టి రాసిండు:
"దగ్గొద్దన్నరు. దగ్గు మింగి తవ్విన.
మట్టి చీకట్ల ఏట్ల పోసిన.
రాజులు బయటవడ్డరు.
నా పార లోపల్నే ఉంది,
ఎవరన్న తెచ్చిస్తరా?"
క్లాసంత నవ్వింది. వాడు నవ్వలే.

చిగుర్ల లింగేశ్వరి ఏం రాయలే.
మన్ననూరు మీది పెంటల పిల్ల,
హాజరు పిలిస్తే చెయ్యి లేపుతది, అంతే.
మర్నాడు కాగితం నా బల్ల మీద పెట్టి
బెంచికి పోయి తల వంచుకుంది.

"అన్నం పెడుతున్నరంటే పోయిన.
ఐదుగురు పిల్లల్ని తోల్కపోయిన.
అంత పెద్దింట్ల మమ్ముల కూసోమన్నది అదే మొదలు.
ఇప్పసారా పోసిన్రు. చిన్నోడు తాగలే,
బువ్వ తిని నా కొంగు మీదనే పండుకున్నడు.
పొద్దున ఊరంత గుండెలు బాదుకుంట ఏడ్చింది.
జరంతసేపు మా కోసమే అనుకున్న."

ఆ ముక్క నేను చెప్పనే లేదు.
పాఠంల ఉండదు, టైముకు అందదు,
ఏటా దాటేసి పోత.
"నీకెవరు చెప్పిన్రు?"
"ఎవరు చెప్పలే సార్.
ఆరుగురు బయటికి పోతే
బూడిదల ఆరుగురు ఎవరు?
తల్లి, ఐదుగురు కొడుకులని ఊరు నమ్మాల్నంటే
తల్లి, ఐదుగురు కొడుకులే గావాలె గద."

ట్రాక్టరు చప్పుడు కూడా లేదప్పుడు.
ఉన్నా నాకు వినపళ్లే.

కాగితం కింద పేర్లున్నయి.
బోర్డు మీద రాయమన్న.
ఒకటి, గురువడు. రెండు, బయ్యన్న.
మూడు, నల్లలింగడు. నాలుగు, ఈరడు.
ఐదు అని రాసి ఆగింది.
"వానికింకా పెట్టలే సార్,
పుట్టెంటికలప్పుడు పెడదామనుకున్నరు."

అంజి ఒక పేరన్నడు, షాహీన్ ఒకటన్నది,
వెనక బెంచీలు కొట్లాటకు దిగినయి.
"ఉండనీయుండ్రి" అన్నది లింగేశ్వరి.
ఆ పిల్ల గొంతు క్లాసుల వినుడు అదే మొదలు, చానమందికి.

బెల్లు కొట్టిన్రు.
తర్వాతిది లెక్కల సార్ పీరియడ్.
ఐదో అంకె పక్క జాగ
తుడిచిండో, ఉంచిండో,
పోయి చూడబుద్ధి కాలే.