లిఫ్టు

మా ఎబినేజరుకి ఏడేళ్లు.
షార్జాలో, మా బిల్డింగు లిఫ్టులో,
వాడి వేలికి ఆగడం తెలీదు.
ఒకటి నుంచి పద్నాలుగు దాకా
అన్నీ వెలిగించేస్తాడు.

అంతస్తంతస్తుకీ తలుపు తెరుచుకుంటుంది.
ఎవరూ ఉండరు.
చేపల వేపుడు వాసనో, ఊద్ పొగో
ఓసారి లోపలికి తొంగిచూసి పోతుంది.
క్షమించమనడం నాలుగు భాషల్లో వచ్చు నాకు.
ఈ ఊరొచ్చి నేర్చిన చదువు అదొక్కటే.

"రెండు తగిలించరాదూ" అంటాయి
లిఫ్టులో అందరి కళ్లూ.
తగిలించాను కూడా, ఒకసారి.
ఆ రాత్రి నిద్రలో వాడి వేలు
దుప్పటి మీద మీటలు వెతుక్కుంటూనే ఉంది.

ఇవాళ నలభై ఏడు డిగ్రీల ఎండలోంచి వచ్చాం.
వెనకాల బియ్యం బస్తాతో ఓ పఠాన్ తాత.
వాడు కుడిచెయ్యి చంకలో ఇరికించుకున్నాడు.
పెదవి కొరుక్కున్నాడు.
చెవులు ఎర్రగా కందిపోయాయి.
చెయ్యి బయటికి తీసి
ఒకే ఒక్కటి నొక్కాడు.
పదకొండు.

మాది తొమ్మిది.

నేనేమీ అనలేదు.
తాత కూడా ఏమీ అనలేదు.
పదకొండులో దిగి
రెండంతస్తులూ మెట్లమీద నడిచాం.
పెరుగు డబ్బా వాడే మోశాడు.