యజమాని గడి

నల్లగొండ ఆఫీసుకు
పదకొండోసారి తీసుకపోయిన సీసాల్ల
నీళ్లు తెల్లగున్నయి.
మజ్జిగ అనుకున్నడు బంట్రోతు.
"మా ఊరి నీళ్లు" అన్న.
పోయి చెయ్యి కడుక్కొని వచ్చిండు.

పంచాయితీ మోటరు నేనే ఏస్త, నేనే బందు జేస్త.
ఏ గల్లీకి ఏ వాల్వో కండ్లు మూసుకొని చెప్త.
గుంత సంగతి మాత్రం కండ్లు తెరిచి చెప్పాలె:
దేవరకొండ తొవ్వల మా గుట్ట కడుపు కోసి
పలకలు చేసి లారీలకెత్తినోళ్లు
లీజు ఒడువంగనే
క్రేను ఊడదీసుకున్నరు, ఇనుప కంచె ఊడదీసుకున్నరు,
కావలి కుక్కను గూడ తోలుకపోయిండ్రు.
గుంతనొక్కటే మరిచిపోయిండ్రు,
దాని నిండ పాలిషు బురదను.

వానకాలం అది నిండుతది.
ఎండకాలం మా బోర్లల్లకు దిగుతది.
మేకలు మూతి పెట్టి ముఖం తిప్పుకుంటయి.
మనుషులకు ఆ సౌలతు లేదు.

సర్కారు పైసలియ్యలేదంటే అబద్ధం.
ఇచ్చింది. నేను చూసిన,
మంజూరు కాగితం, ఆకుపచ్చ సిరా సంతకం,
ఖనిజ నిధికెళ్లి నలభై రెండు లక్షలు:
బురద తీసుడు, పటిక కలుపుడు, ఇసుక వడపోత,
గుంత చుట్టూ గోడ.
గోడ కన్న ముందు బోర్డు లేచింది.
బోర్డు మీద మా ఊరి పేరుకు ఒత్తు తప్పు.

పని ఒక్క గడి కాడ ఆగింది.
మా తాతలు చెప్పులు చేతబట్టుకొని దాటిన గడి
రాళ్లది, బురుజులది.
ఇది కాగితం మీది, రెండేళ్ల వెడల్పు:
గని యజమాని పేరు.
కంపెనీ ఫోను మోగదు.
వాళ్ల అడ్రసుల ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం.
పేరు లేంది ఫైలు కదలది.
ఏడు నెల్లు
ఆ ఖాళీ గడి చుట్టే తిరిగినం
నేను, నా బండి, సీసాలు.

ఎనిమిదో నెల రమావత్ కేస్లి బండి వెనక ఎక్కింది.
ఆ గుంతలనే తట్ట మోసిన మనిషి.
సీదా బల్ల కాడికి పోయి
"రాయి సారూ, నా పేరు రాయి" అన్నది.
"లాభం వాళ్లు తిన్నరు, నీళ్లు మేం తాగుతున్నం.
తాగెటోళ్లది కాకపోతే
గుంత ఎవలది?"

సారు చానసేపు కలం మూత తిప్పిండు.
ఆమె పేరు రాయలే. రాయరాదు గద.
కాని ఆ గడిల
"ఆచూకీ లేదు, బాధ్యత ప్రభుత్వానిది" అని రాసి
సంతకం పెట్టి
దస్తీతోని ముఖం తుడుచుకున్నడు.

మొన్న వడపోత తిరిగింది.
రిపోర్టు వచ్చింది, అంత పరిమితి లోపలనే అని.
అందరికి చదివి వినిపించిన.
కేస్లి వినలే.
నల్లా కింద బిందె నింపుకొని పోయి
పొయ్యి మీద కందిపప్పు పెట్టింది.
పన్నెండేండ్లాయె ఆ ఇంట్ల పప్పు మెత్తగ ఉడకక.

ఇంటి ముందర నిలబడ్డం,
నేను, సర్పంచు, కాంట్రాక్టరు మనిషి,
రిపోర్టు మడిచి జేబుల పెట్టుకొని.

లోపట గరిటె చప్పుడు.
ఇంకా ఏం చెప్పలే.