ఖాళీ వేరు, సున్నా వేరు

మీట మీద నేనే రాసుకున్నాను: తెప్పించు.
నొక్కితే, టైమాఫీసు గోడ అవతల
గోనెపట్టా కప్పుకుని పడుకున్న సర్వరు
ఒకసారి మూలుగుతుంది.
మాక్రో వెళ్లి తలుపు తడుతుంది,
పాస్‌వర్డ్ చెబుతుంది,
అడగాల్సింది ఒక్క వాక్యంలో అడుగుతుంది:
ఫలానా టోకెను, ఫలానా ఏడాది, ఎన్ని హాజర్లు.
పదకొండు సెకన్లు.
ఆపైన ఎక్సెల్ గళ్లలోకి
ఇరవై ఆరేళ్లు వరసగా దిగుతాయి
లారీ దిగే నార బేళ్లలా, దుమ్ముతో సహా.

నిజంగానే దుమ్ము. చంపావతి మీంచి గాలి తిరిగితే
కీబోర్డులో ఏడో అంకె ఇప్పటికీ అతుక్కుపోతుంది.

ఈ మాక్రో నాది కాదు.
రిటైరయ్యే ముందు పేడాడ జోగారావుగారు రాసిచ్చింది.
దణ్ణం పెట్టుకోదగ్గంత శుభ్రమైన పని.
మూడేళ్లు నొక్కాను, లోపలికి చూడలేదు.
వండి పెట్టినాయన్ని ఉప్పెంతని అడుగుతామా.

మొన్న మంగళవారం
కిటికీ చువ్వల్లోంచి ఒక చెయ్యి కాగితం చాపింది.
కర్రోతు సన్యాసమ్మ, స్పిన్నింగు,
టోకెను రెండువేల నూట పద్నాలుగు.
గ్రాట్యుటీలో మూడేళ్లు తగ్గాయట.
రెండువందల నలభై రోజులు నిండకపోతే
ఆ ఏడాది ఏడాది కాదు, రూలు.
స్క్రీను ఆవిడవైపు తిప్పాను.
మూడేళ్లూ నెల నెలకీ సున్నా.
"నువ్వు రాలేదమ్మా, ఇదిగో."

సున్నాల్ని వేలితో లెక్కపెట్టింది
బాబిన్లు లెక్కపెట్టినట్టు.
"నానొచ్చినాను బావూ.
తెల్లారగట్ల ఆరుకి, కేరేజీ కట్టుకొని,
రోజూ వొచ్చినాను.
గేటే తియ్యనేదు.
రానోల్లకీ, రానియ్యనోల్లకీ
ఒకటే గుండుసున్నాయేటి?"

మధ్యాహ్నం నుంచి చింతపండు పిక్కలు తీసే పనికి పోయేదట.
పొద్దున మాత్రం గేటు దగ్గరే.

లాకౌటు.
నాకప్పుడు పదమూడేళ్లు.
హూటరు మోగక
మా వీధిలో అన్నాలకి వేళ తప్పింది.

ఆ సాయంత్రం మాక్రో విప్పాను.
నలభై రెండో లైను.
ఖాళీ వస్తే సున్నా వెయ్యి, అని.
అంతే. కుట్రేం కాదు.
ఖాళీ తగిలితే కూడిక సాగదు,
తప్పు తప్పంటూ ఒక పెట్టె తెరుచుకుంటుంది.
అది రాకుండా చేసిన చిన్న సర్దుబాటు.
డేటాబేసు అబద్ధమాడలేదు.
ఆ మూడేళ్ల దగ్గర, నాకు తెలియదని
నోరు తెరిచి ఒప్పుకుంది.
తెలుసని మనం అనిపించాం.

ఆ లైను ముందు చీమ తలంత గుర్తొకటి పెట్టాను.
ఆకుపచ్చగా మారి నోరు మూసుకుంది.
మళ్లీ తెప్పించు.
మాక్రో సగంలో మొరాయించింది,
పసుపు గీత మీద కూలబడింది.

కూలబడనీ.
ఆగినచోటల్లా ఒక పేరు రాసుకుంటున్నాను.
సన్యాసమ్మ. లెంక పైడితల్లి. కుంచం దాలినాయుడు.
దాలినాయుడికి వారసుల గడి కూడా ఖాళీయే.
రాత్రి తొమ్మిదయ్యేసరికి మూడువందల పన్నెండు.

సోమవారం విజయనగరం లేబరాఫీసుకి వెళ్లే షీటులో
ఆ గళ్లు ఖాళీగానే ఉంటాయి.
మేనేజరు అడుగుతాడు,
ఏంటయ్యా ఈ బొక్కలు, టోటలేదీ, అని.
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.
పక్క కాలంలో మాత్రం
ఏడో అంకె అక్కర్లేని రెండు మాటలు
టైపు చేసి ఉంచాను:

గేటు తియ్యలేదు.