కుడివైపు లైటు ఆర్పేశాక

కాశీబుగ్గలో మా స్టూడియోకి వచ్చినవాళ్ళెవరూ
ఇప్పటిదాకా చీకటి అడగలేదు.
"కాస్త తెల్లగా తియ్యి బాబూ" అనే అడిగారు.
పెళ్ళిచూపుల ఫొటోకైనా రేషన్ కార్డుకైనా అదే మాట.
నెగెటివ్ మీద పెన్సిల్‌తో నలుపు పూస్తే
బొమ్మలో అది తెలుపవుతుందని నాన్న చెప్పినప్పుడు
వేదాంతమనుకున్నాను.
కాదు, పని.
ఒక తరం బుగ్గల్ని ఆయన అలాగే తెల్లబరిచాడు.
నేను మౌసుతో అదే చేస్తున్నాను.

ఈమధ్య ఫోన్లో ఒక ఫొటో చూశాను.
ఎవరో ముసలాయన. సగం ముఖం రాత్రిలోనే ఉండిపోయింది.
చెంప ఎముక మీద మాత్రం
అటకమీది ఇత్తడి చెంబుకి తగిలినంత వెలుగు.
మూడు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

చేసి చూశాను. కుదరలేదు.
గొడుగు లైటు మడిచేసి, అట్టపెట్టెకి కన్నం పెట్టి,
నాన్న పాత కెమెరా ముసుగుగుడ్డ వెనకాల కట్టి
తమ్ముడు ఢిల్లేశుని కూర్చోబెడితే
కరెంటు పోయిన ఇంట్లో దొంగలా వచ్చాడు.
ఇది పట్టుకెళ్తే నాకు పిల్లనెవరిస్తారన్నాడు.
ఎడిటింగ్‌లో నీడల్ని కిందికి లాగాను, ఇంకా కిందికి,
రంగుల్ని తడిబట్టలా పిండేశాను.
నలుపు వచ్చింది, లోతు రాలేదు.
మసి పూసిన గోడకీ బావికీ ఉన్నంత తేడా.

గురువారం మధ్యాహ్నం తవిటమ్మ వచ్చింది,
జీడి బట్టీ నుంచి నేరుగా, పాస్‌పోర్టు ఫొటోకి.
పింఛను మిషను ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసిందట.
"ఏలెట్టమంటాడు, ఎడతాను. నువ్వు నువ్వు కాదంటాది."
ముప్పై ఏళ్ళ పిక్కల నూనె
ఒక్కో గీతనే తినుకుంటూ పోయింది.
అరచేతులు తిప్పి చూపించింది,
ఎవరివో చూపించినట్టు.

తెల్ల తెర ముందు తీసేశాను, నిమిషం పని.
ఆ తర్వాత అడిగాను, గొంతు సవరించుకుని:
"పిన్నీ, ఇంకోటి తియ్యనా? డబ్బులక్కర్లేదు."

కిటికీ రేకు తలుపు జానెడు తెరిచాను.
కుడివైపు లైటు ఆర్పేశాను.
"వెలుగుని కాదు పిన్నీ, దాని పక్కకి చూడు."
"పక్కనేటుంది?"
"ఏమీ లేదు."
"అయితే తెలుసులే," అని చూసింది.

వెలుగు ముందు ముక్కుపుడక మీద ఆగింది.
ముక్కు దాటి అవతలి చెంప మీద
చిన్న మూడు మూలల ముక్కై వాలింది.
అక్కణ్ణుంచి దిగి, ఒళ్ళో ఉన్న చేతుల దగ్గర
ఇక వెళ్ళనని మొరాయించింది.
తిత్లీ తుఫాను తర్వాత, కరెంటు లేని రాత్రుల్లో
కొవ్వొత్తి ఆవల అమ్మ ఇలాగే కనబడేది,
కూలిన జీడిచెట్లని వేళ్ళ మీద లెక్కపెడుతూ.
అప్పుడూ నా చేతిలో కెమెరా ఉంది.
తియ్యాలని తోచలేదు.

రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని
నీడలో ఉన్న కన్ను దగ్గరకి వెళ్ళాను.
అలవాటైన చెయ్యి, తెలుపు వైపే జరిగింది.
వెనక్కి లాక్కున్నాను.
చర్మంలోంచి కాస్త ఆకుపచ్చ తీశాను,
నలుపులో చిటికెడు గోధుమరంగు కలిపాను,
వేగిన జీడిపొట్టు రంగు.
వేళ్ళ దగ్గర ఏమీ ముట్టుకోలేదు.
అక్కడ నునుపు చేసే పని
బట్టీ ఎప్పుడో చేసేసింది.

ఫ్రేము కట్టించి పెట్టాను. శనివారం వచ్చి చూసింది, చాలాసేపు.
"సగవే తీసినావేటి బాబూ,
మిగతా సగం ఎవులికుంచినావు?"
నా దగ్గర జవాబు లేదు.
పాస్‌పోర్టు ఫొటోలు ఎనిమిదీ లెక్కపెట్టి
కొంగున ముడేసుకుంది.
పెద్దది వద్దంది,
గోడకి తగిలిస్తే పోయినోళ్ళ ఫొటో అనుకుంటారట.
మెట్లు దిగినదల్లా తిరిగొచ్చి
ఫ్రేము అద్దం మీద, ఆ చేతుల దగ్గర,
వేలితో ఒకసారి తడిమింది.

ఆమె వెళ్ళాక
కిటికీ వెలుగుకి అడ్డంగా వంగి చూశాను.
అద్దం మీద దుమ్ము కొంచెం చెదిరింది, అంతే.