వెంట ఉంచే వస్తువులు

మా ఊళ్లో సమాధి నేలకి కౌలు ఇరవై అయిదేళ్లు.
ఆ తర్వాత రాయి లేపేస్తాం,
మట్టి తిరగేసి ఇంకొకరికి రాసిస్తాం.
రూర్ గనుల మీద కట్టుకున్న ఊరు,
ఏటా కాస్త కాస్త కుంగుతూనే ఉంటుంది.
శాశ్వతం అన్న మాట ఇక్కడెవరూ గట్టిగా అనరు.

నేను శ్మశానం ఆఫీసులో గుమాస్తాని.
ఫారంలో తొమ్మిదో గడి: వెంట ఉంచే వస్తువులు.
కళ్లజోడు అని రాస్తారు. జపమాల.
ఒకావిడ మొగుడి పళ్లసెట్టు అని రాసి,
కొట్టేసి, మళ్లీ రాసింది.

హార్ట్‌విగ్ సొబొట్కా వచ్చిన రోజు వాన.
ముప్ఫై ఒక్క ఏళ్లు గనిలో దిగిన మనిషి,
కనురెప్పల అంచున బొగ్గు ఇంకా కాటుకలాగే ఉంది.
కాళ్ల దగ్గర పొట్టికాళ్ల నల్లకుక్క.
పేరు బ్రికెట్. బొగ్గు ఇటుక అని.
"తొమ్మిదో గడిలో దీన్ని రాయి."

"ప్రాణమున్నదాన్ని వస్తువని ఎలా రాయనండీ?"
"పోయాక రాయి."
"మీకంటే ముందు పోతేనా, తర్వాతా?"
ఆయన కుక్క వంక చూశాడు.
కుక్క ఆయన వంక చూసింది.
ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకున్నట్టు లేరు.

కమిటీలో రభస.
పాస్టరుగారు ఆత్మతో మొదలెట్టి
పారిశుద్ధ్యంతో ముగించారు.
ఇవాళ కుక్క, రేపు చిలుక, ఎల్లుండి గుర్రమా అన్నారెవరో.
గుర్రం మాట వినగానే సొబొట్కా లేచాడు.
"మా తాత తమ్ముడు గనిలో గుర్రం తోలేవాడు.
పైకప్పు కూలినప్పుడు తవ్వలేక గోడ కట్టేశారు.
నాలుగొందల మీటర్ల కింద
వాళ్లిద్దరూ ఇప్పటికీ కలిసే ఉన్నారు.
అక్కడికి వెళ్లిందా మీ ఫారం?"

పక్క సమాధి పోస్ట్‌మాన్‌ది.
భార్య వాల్‌బుర్గా ఒక్క మాటే అంది:
"ఆ కుక్క మా ఆయన్ని మూడుసార్లు కరిచింది.
ఇప్పుడు ఆయన పరుగెత్తలేడు కూడా."
ఎవరూ నవ్వలేదు.
నేను రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

బూడిదైతే సరేనన్నారు. తొమ్మిదో గడిలో.

సొబొట్కాయే ముందు పోయాడు, నవంబరులో.
ఇల్లు ఖాళీ చేసినవాళ్లు కుక్కని తెచ్చి
నా బల్ల కాలికి కట్టి వెళ్లిపోయారు.
కాగితం మీద ఉన్నది నా సంతకమేనట.

మొదటి చలికాలం తలుపు వైపు తిరిగి పడుకుంది.
రెండో చలికాలం నా చెప్పు మీద గడ్డం ఆనించి.
ఎప్పుడు తిరిగిందో నేను చూడలేదు.

బల్లకి ఇవతల కూర్చుని ఎంతమందికి చెప్పానో,
పోయినవాళ్లకి తెలియదండీ, ఎక్కడ పెట్టినా ఒకటేనని.
ఇప్పుడు డబ్బా నా ఒళ్లో ఉంది.
అరకిలో కూడా తూగదు.
ఎవరి కుక్క ఇది?
ఎనిమిదేళ్లు ఆయనది, రెండేళ్లు నాది.
ఆ లెక్కన రెండు చెంచాలైనా నాకు రావాలి కదా అని
చెంచా తీశాను కూడా.
సిగ్గేసింది. కడగకుండానే సొరుగులో పడేశాను,
కడగడానికి అందులో ఏమీ అంటలేదు.

గుంట తీసిన పొద్దున వాల్‌బుర్గా వచ్చింది.
అటు జరుపు, మా ఆయనకి దూరంగా, అంది.
జరిపాను.
కాసేపు ఊరుకుని తనే అంది:
"ఆయన జేబులో దీనికోసం బిస్కెట్లుండేవి.
తీయడం ఆలస్యమైనప్పుడే కరిచేది."
ఇంకాసేపటికి:
"సరే, ఇటే ఉండనీ."

వస్తువులు అన్న మాట కొట్టేసే అధికారం నాకు లేదు.
దాని కింద పేరు రాశాను, రకం రాయలేదు.

కౌలు ఇంకా ఇరవై మూడేళ్లుంది.
అప్పటికి నాకు ఎనభై ఒకటి.
పొడిగించాలంటే ఎవరి సంతకం కావాలో
రూల్సు పుస్తకంలో ఉంటుంది.
ఇంకా చూడలేదు.