ఒక నిమిషం గాలి

మాట్లాడేముందు ఎప్పుడూ
ఒక నిమిషం ఊరికే టేపు తిప్పేది గ్వెండా.
"గాలి కావాలి ఓబులేసూ, మాటల కింద పరవడానికి."
నేను ఇంజను ఆపేవాణ్ణి.

ఆ దేశానికప్పుడు రెండేళ్లు, నాకు ఇరవైరెండు.
ముహర్రక్ ఒడ్డున పడవకు మేకులు కొట్టే చప్పుడు
లండన్ దాకా పోయింది.
పార్లమెంటు తెరిచారని చెప్పింది, మూశారనీ చెప్పింది,
అదే గొంతు, అదే నలిగిన గళ్ల చొక్కా.
పరాయి కూలీలు ఇన్ని వేలు అన్నప్పుడు మాత్రం
అద్దంలో నా కళ్లను తప్పించుకుంది.

ముప్పై ఒక్కేళ్లకు, చివరి రోజు,
అక్కడే ఆపమంది.
సముద్రం లేదు. పూడ్చేశారు.
పార్కింగులో మైకు చాపి నిలబడింది
ఏసీల హోరులో.
"అలలేవీ?"
మూడు సిగ్నళ్ల అవతలికి చెయ్యి చూపాను.

వెళ్తూ ఒక అట్టపెట్టె ఇచ్చింది.
వార్తలు కావు, వార్తలు రేడియోవాళ్లవి.
ఉత్త నిమిషాలు, ఒకదానికొకటి అతికించినవి,
పైన ఏళ్లు రాసి.

రూములో అందరూ పడుకున్నాక విన్నాను.
గాలి. మేకులు. ఎక్కడో అజాన్.
ఇంతలో ఎవరో కుర్రాడు
ఆపుకోలేక ఆపుకోలేక దగ్గి,
"నీ పాసుగూల" అని
తన గొంతును తనే తిట్టుకున్నాడు,
కడప తెలుగులో.