తుమ్మినవాడు

"తుమ్మింది నేనే" అన్నాడు.

రాత్రి పదకొండు దాటింది. హన్మకొండ, నయీంనగర్ పై వాటా.
నేను తొమ్మిదో అధ్యాయం దిద్దుతున్నాను.

నవల పరకాల అవతలి మిర్చి రైతుది.
నలభై బస్తాల తేజ, ఎనుమాముల యార్డు,
శివరాత్రి దాటిన ఎండ.
అడ్తిదారు ధర చెప్పడానికి నోరు తెరిచే చోట
నాకొక చిన్న ఆగుడు కావలసి వచ్చి
"కాంటా దగ్గర ఎవరో తుమ్మారు" అని రాశాను.
అపశకునమని అడ్తిదారు ఆగాడు.
ఆ సందులో రైతు చూపు
జెండా పాట రాసిన పలక మీదికి పోయింది.
కథ అక్కడ మళ్ళింది.
తుమ్ముతో నా పని అయిపోయింది.

"ఎవరో ఏంది సారూ,
గంత మంది మనుషుల్ల నీకు
నా ముక్కొక్కటే కనవడ్డదా?"

తుమ్ము తీసేసి దగ్గు పెడదామనుకున్నాను.
దగ్గుకు ఎవరాగుతారు?

పేరడిగాడు. ఓదెలు అని పెట్టాను.
రెండోనాడు మళ్ళీ వచ్చాడు,
"పేరు పెట్టంగనే అయిపాయెనా?
పేరున్నోనికి పొద్దుగాల ఆకలైతది."
గటక పెట్టాను, మామిడికాయ తొక్కుతో.
తిని, చెయ్యి కడుక్కొని, ఊరడిగాడు.
ఊళ్ళో ఇల్లు. ఇంటికి రేకులు.
రేకుల కింద ఒక భార్య ఉండాలి కదా అని
పేరు వెతకబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు.
"ఆమె పేరు నాకెరుకే. నువ్వు పెట్టకు."

మూడోసారి తిరగరాస్తున్నాను.
అడ్తిదారు నోరు తెరిచాడు.
నేను చూశాను. రైతు చూశాడు.
చాటకూలి ఆడవాళ్ళు కూడా ఊడ్చుడు ఆపారు.
ఓదెలు బస్తా మీద కూర్చుని
చెవి సందులోంచి బీడీ తీసి
చూసి
మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

తుమ్మలేదు.

ధర పడిపోయింది, పదకొండు వేలకు.
దడువాయి చీటీ చింపాడు.
నూట నలభై పేజీల అవతల రైతు చేయవలసినవన్నీ
వానకు నానిన కాయల్లా
నా చేతిలో మెత్తబడ్డాయి.

"తుమ్మరాదూ" అని బతిమాలాను.

"ఎట్ల తుమ్మాలె?
ఇరవై రెండేండ్లాయె గీ యార్డుల.
నాకు తుమ్ము వచ్చుడు ఎన్నడో బందాయె.
కొత్తోళ్ళు తుమ్ముతరు సారూ.
ఓనాడు నువ్వొస్తివి చూడు,
కర్చీపు కట్టుకొని, సంచిల కాయితాలు పెట్టుకొని,
గేటు కాడికెల్లి కాంటా దాక తుమ్ముకుంటనే వస్తివి.
గా తుమ్ము నీది.
నా ముక్కుకు పెట్టినవ్."

"మరి నేనే తుమ్మిన అంటివి గదా?"

"గట్లంటెనే గదా లోపలికి రానిస్తివి."

చాలాసేపు ఫ్యాను మాత్రమే తిరిగింది.
"మరి నీదేంది?" అన్నాను.
ఇన్నాళ్ళకు అడిగాను.

చేతులు చాపాడు.
గీతలు ఎర్రగా ఉన్నాయి, కడిగినా పోని ఎరుపు.
"పురుడైనంక కనకలచ్చిమి బిడ్డనిస్తే
మోచేతులతోని ఎత్తుకున్న సారూ.
వేలు తాకితె మండుతది గదా పసిదానికి."
భార్య పేరు నాకు అట్లా తెలిసింది.

సీజనంతా బిడ్డ ముఖం ముట్టలేదట.
యార్డు బందున్న రెండు రోజులూ
చేతులు పుల్లటి మజ్జిగలో నానేసి
ఆదివారం దీపాలు పెట్టే వేళ
ఎడమచేతి చిటికెన వేలు
ముందు తన కంట్లో పెట్టుకొని చూసుకున్నాడట,
మంట ఉందా, పోయిందా అని.

"ఉందా?" అన్నాను.
"తర్వాత ముట్టినవా? ఏడ్చిందా?"

"చెప్త. రాసుకో.
ముందుగాల గా రైతును జర పక్కకు జరుగుమను.
కాంటా ఖాళీ చెయ్యాలె."